వాలు చాలని గోడ

ప్లాస్టిక్ వస్తువు ఏది చేతికొచ్చినా బోర్లా తిప్పి చూడకుండా ఉండలేను. ఆసుపత్రిలో మందుల ట్రే అయినా, మెట్రోలో పక్కావిడ ఒళ్ళో ఉన్న టిఫిన్ డబ్బా అయినా అంతే. మా ఆడపడుచు గృహప్రవేశంలో అందరూ పంతులుగారి వైపు చూస్తుంటే నేను కొత్త కుర్చీని తలకిందులు చేసి, దాని అడుగున ఉన్న పట్టీల మందం వేలితో కొలుస్తున్నాను. మా ఆయన చెవి దగ్గరికి వచ్చి, "కొన్నవాళ్ళు కూడా ఇంతలా చూసుండరు, కింద పెట్టవే బాబూ," అన్నాడు. పెట్టాను. కానీ ఆ కుర్చీ ముందు కాలి దగ్గర ఒక సొట్ట ఉంది. వ్రతం ముగిసి భోజనాలకు కూర్చునేదాకా నా మనసు ఆ సొట్ట మీదే ఉంది.

ఇది జబ్బని మా అమ్మాయి అంటుంది. ఉద్యోగం అని నేనంటాను. నోయిడాలో ఒక డిజైన్ ఆఫీసులో పదిహేడేళ్ళ నుంచి ఇదే పని. ప్లాస్టిక్ వస్తువుల డ్రాయింగులు మా దగ్గర తయారవుతాయి. ఆ డ్రాయింగు పట్టుకుని ఫరీదాబాద్‌లో టూల్‌రూమ్ వాళ్ళు స్టీల్ దిమ్మను తొలిచి మోల్డ్ చేస్తారు. మోల్డ్ అంటే అచ్చే. అందులోకి కరిగిన ప్లాస్టిక్ పోసుకుని రోజుకు వేల కొద్దీ వస్తువులు దింపుతారు. స్టీల్‌ను తొలవక ముందు తప్పు దొరికితే రబ్బరుతో చెరిపేసినంత తేలిక. తొలిచాక దొరికితే దిమ్మ, నెలల పని, పరువు అన్నీ పోయినట్టే. అందుకని ముందే తప్పులు పట్టడానికి ఒక మనిషిని పెడతారు. మా ఆఫీసులో ఆ మనిషిని నేను.

డ్రాయింగు కింద మూలన రెండు గడులుంటాయి. ఒకటి గీసినవాళ్ళ పేరుకి, రెండోది తనిఖీ చేసినవాళ్ళ సంతకానికి. ఆ రెండో గడిలో నా సంతకం పడితేనే కాగితం గేటు దాటుతుంది. నన్ను గద్ద కన్ను అనేవాళ్ళు. పైకి విసుక్కునేదాన్ని గానీ, లోపల ఎంత మురిసిపోయేదాన్నో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

నేను చెప్పబోయేది ఒక నెబ్యులైజర్ పెట్టె సంగతి. నవంబరులో ఢిల్లీ పొగ కమ్మిందంటే ఆ పక్కనే ఉన్న మా వైశాలిలో ఫ్లాటుకొకటి గుర్రుమంటూ మోగుతుంది కదా, ఆ ఆవిరి పట్టే యంత్రం. దాని బయటి డబ్బా మా ఆఫీసు పని. గీసింది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి. చేరి అయిదు నెలలయింది. ఆరో నెల దాటితే ఉద్యోగం ఖాయం, లేకపోతే నమస్కారం. ఢిల్లీలోని మునిర్కాలో, యూనివర్సిటీలో చదివే స్నేహితురాలితో కలిసి ఒకే గదిలో ఉంటుంది. పొద్దున్నే మెట్రో మెజెంటా లైన్ ఎక్కి బొటానికల్ గార్డెన్‌లో దిగి, నాకంటే ముందే కుర్చీలో ఉంటుంది. మాట మెల్లగా, ప్రశ్నలు మాత్రం దండిగా. నాకు ప్రశ్నలంటే పడదు, అవి నేనడిగినవి కాకపోతే.

ఆ డబ్బా గోడలకు అమ్మాయి మొదట మూడు డిగ్రీల వాలు ఇచ్చింది. ఈ వాలు సంగతి కాస్త చెప్పాలి. ఇడ్లీ రేకులో గుంట చూడండి. అంచులు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి ఇడ్లీ చెక్కుచెదరకుండా లేస్తుంది. అదే గుంట గోడలు నిట్టనిలువుగా ఉంటే ఇడ్లీ సగం రేకులోనే ఉండిపోతుంది. ప్లాస్టిక్‌ కూడా అంతే, అచ్చులోంచి బయటికి జారాలంటే గోడలు కొంచెం వాలి ఉండాలి. గోడ నున్నగా ఉంటే ఒక్క డిగ్రీ చాలు. గరుకుగా ఉంటే చాలదు. గరుకులోని చిన్న చిన్న పళ్ళు స్టీల్‌ను పట్టుకుని గీరుకుంటూ వస్తాయి. డబ్బా పక్కల నిలువు గీతలు పడతాయి, ఒక్కోసారి అచ్చులోనే ఇరుక్కుంటుంది.

నెబ్యులైజర్ కంపెనీ వాళ్ళు డబ్బా కింద లావుగా ఉంది, నిటారుగా కావాలన్నారు. అప్పటికది నున్నటి డబ్బా. నేను అమ్మాయిని పిలిచి వాలు ఒక డిగ్రీకి తగ్గించమన్నాను. అది సరైన మాటే. పది రోజుల తర్వాత వాళ్ళే నా ఒక్కదానికి మెయిల్ పెట్టారు. నున్నగా ఉంటే వేలిముద్రలు పడుతున్నాయి, గరుకు కావాలి, ఏమన్నా ఇబ్బందా అని. ఆ సమయానికి నా ముందు ఇంకో మూడు డ్రాయింగులున్నాయి. ఇబ్బందేమీ లేదని జవాబు కొట్టాను. అది కూడా విడిగా చూస్తే తప్పేం కాదు. ఆ రెండు మాటల్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాల్సింది నేనొక్కదాన్నే, నేను చూడలేదు.

కంప్యూటర్ చూడలేదా అంటే, అది చూసేది చెప్పినంత వరకే. వాలు సరిపోయిన గోడకు పచ్చ రంగు వేస్తుంది, సరిపోకపోతే ఎరుపు. అర డిగ్రీ దాటితే పచ్చ వెయ్యమని నేనే ఎప్పుడో పెట్టి ఉంచాను. గరుకన్నది బొమ్మలో ఉండదు, డ్రాయింగు పక్కన ఒక వాక్యంగా ఉంటుంది. కంప్యూటర్ వాక్యాలు చదవదు. ఆ వాక్యం చేర్చమని అమ్మాయికి చెప్పాను. ఆమె చేర్చి, ప్రింట్ తీసుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడమ్, ఒక్క మాట..." అంది.

నేను ఫోన్‌లో ఇంకెవరి మీదో ఎగురుతున్నాను. ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి, "పచ్చగా వచ్చిందా లేదా?" అన్నాను.

"అచ్చింది మేడమ్, కని..."

"వచ్చింది కదా. ఇటివ్వు."

కాగితం లాక్కుని గడిలో సంతకం పడేశాను. ఆమె వెళ్ళిపోయింది. ఆ కాగితం ఆ సాయంత్రమే ఫరీదాబాద్ వెళ్ళింది. సోమవారం పదకొండింటికి స్టీల్ మీద మొదటి కోత అని కబురొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం సింకు దగ్గర మా అమ్మాయి స్కూలు నీళ్ళ సీసా తోముతున్నాను. నల్లటి గరుకు సీసా. తోముతుంటే బొటనవేలికి ఏదో తగిలింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. పక్క పొడుగునా నిలువు గీతలు, సన్నగా, తెల్లగా, దువ్వెన పెట్టి లాగినట్టు.

"ఇదేంటే, ఎక్కడ గీరావు?" అని కేకేశాను.

"మమ్మా, వో పెహలే సే హీ థా. కొన్నప్పటి నుంచీ ఉంది," అంది మా అమ్మాయి గదిలోంచే.

కొన్నప్పటి నుంచీ ఉంది. అంటే అచ్చులోంచి వస్తూనే గీరుకుంది. గరుకు గోడ, వాలు చాల్లేదు. ఏ ఊళ్ళోనో నాలాంటి గద్ద కన్ను ఒకటి సంతకం పెట్టి పంపిందన్న మాట అని నవ్వుకోబోయాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది. గరుకు. ఒక్క డిగ్రీ. నెబ్యులైజర్.

చేతుల తడి తుడుచుకోకుండానే లాప్‌టాప్ తెరిచాను. డబ్బా అంతా పచ్చగా మెరిసిపోతోంది. పరిమితి మూడు డిగ్రీలకు మార్చి మళ్ళీ చూశాను. నాలుగు గోడలూ ఎర్రబారాయి. ఒకటి కాదు, రెండు కాదు, నాలుగూ.

అప్పటికప్పుడు టూల్‌రూమ్ ఉస్తాద్‌కు ఫోన్ చేసి ఆపమంటే అయిపోయేది. ఉస్తాద్ అంటే అక్కడి పెద్ద మేస్త్రి, అరవై దాటిన పెద్దమనిషి, ఆదివారమైనా ఫోన్ ఎత్తుతాడు. నేను ఆయన పేరు దాకా వెళ్ళి వేలు వెనక్కి తీసుకున్నాను. ఆపమంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పడానికి మా ఆఫీసులో ఒక ఫారం ఉంది. విడుదలైన డ్రాయింగును వెనక్కి తీసుకోవాలంటే అది నింపాలి. కారణం దగ్గర మూడే గడులు. డిజైనర్ పొరపాటు, కస్టమర్ మార్పు, టూల్‌రూమ్ కోరిక. తనిఖీ చేసినవాళ్ళ పొరపాటు అనే గడి లేదు. ఆ ఫారం తయారు చేసిన కమిటీలో నేనూ ఉన్నాను. ఆ గడి పెట్టాలని అప్పుడు ఎవరికీ తట్టలేదు, నాకు అసలే తట్టలేదు.

కస్టమర్ మార్పు అని రాయలేను. వాళ్ళు అడిగి మరీ చేశారు, ఇబ్బంది లేదన్న నా మెయిల్ వాళ్ళ దగ్గరుంది. టూల్‌రూమ్ వాళ్ళు ఏమీ కోరలేదు. ఇక మిగిలింది మొదటి గడి.

ఆ గడిలో నేను ఒకసారి టిక్ పెట్టి ఉన్నాను. రెండేళ్ళ కిందట. కాకినాడ వైపు నుంచి వచ్చినాయన, మా దగ్గర అందరికంటే అనుభవమున్న డిజైనర్. ఒక ఫ్యాను మూత లోపల పట్టీ లావుగా పడింది. లోపల లావుగా ఉంటే పైన ప్లాస్టిక్ ఆరేటప్పుడు కుంగి సొట్ట పడుతుంది. నేను చూడాల్సింది, చూడలేదు, సంతకం పెట్టాను. మోల్డ్ అయిపోయి మొదటి మూత బయటికి వచ్చినప్పుడు మధ్యలో బుగ్గ సొట్టలా కనిపించింది. అందరూ నా వైపు చూశారు. నేను ఫారం వైపు చూశాను. డిజైనర్ పొరపాటు. అబద్ధమూ కాదు, గీసింది ఆయనే కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆయన నెల తిరిగేలోపు ఉద్యోగం మానేశాడు, లేదా మాన్పించారు. వెళ్ళే రోజు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఉంటానండి," అన్నాడు. నేను తల ఎత్తకుండా, "ఆఁ, మంచిది," అన్నాను. స్క్రీన్ మీద ఏమీ లేదు. ఊరికే చూస్తూ కూర్చున్నాను.

అప్పటి నుంచి నేను నిమ్మళంగా కూర్చున్నది లేదు. గ్యాస్ కట్టేశానా అని మూడుసార్లు చూస్తాను. తాళం వేసి మెట్లు దిగి మళ్ళీ ఎక్కుతాను. లోకంలోని కుర్చీలన్నీ తిరగేస్తాను. అందరూ దాన్ని నా పనితనం అనుకుంటారు. నేను చూడకుండా వదిలేసింది ఒక్కటే, మిగిలినవన్నీ చూసి దానికి చెల్లు పెడుతున్నాను.

ఆ ఆదివారం సాయంత్రమంతా కాలు కాలిన పిల్లిలా హాల్లో తిరిగాను. బాల్కనీ తలుపు తీస్తే పొగ, మూస్తే ఉక్క. తీశాను, మూశాను. మా ఆయన టీవీ ఆపి, "ఏంటి, ఆఫీసులో ఏమన్నా అయిందా?" అన్నాడు.

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే ఆ సీసా ఎందుకు పట్టుకు తిరుగుతున్నావు?"

చూసుకుంటే నీళ్ళ సీసా చేతిలోనే ఉంది. దాన్ని బల్ల మీద ఠక్కుమని పెట్టి, వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. చెప్తే ఏమంటాడో తెలుసు. నీదే తప్పని చెప్పెయ్, ఏమవుతుంది అంటాడు. బ్యాంకులో పనిచేసే మనిషికి గద్ద కన్ను పోతే ఏమవుతుందో ఏం తెలుసు అనుకున్నాను. ఆయన మీద ఊరికే కోపం వచ్చింది.

సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్ళకుండా నేరుగా ఫరీదాబాద్ బయలుదేరాను. ఎలాగూ వెళ్ళాల్సిందే. ఆ టూల్‌రూమ్‌లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త దిమ్మ మెషిన్ మీదికి ఎక్కించాక పూజ చేస్తారు. స్టీల్‌కు ఎర్రదారం చుట్టి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, లడ్డూ పంచుతారు. ఆ తర్వాత డ్రాయింగు మీద ఎవరి సంతకం ఉందో వాళ్ళ చేత మెషిన్ బటన్ నొక్కిస్తారు. పదిహేడేళ్ళలో ఎన్నిసార్లు నొక్కానో నాకే గుర్తులేదు. అది నాకు పండగలా ఉండేది. ఆ రోజుకని మంచి చీర కట్టుకునేదాన్ని.

వైశాలిలో ఎక్కి మండీ హౌస్‌లో దిగి వయొలెట్ లైన్ పట్టుకున్నాను. సీటు దొరికింది. కూర్చోలేకపోయాను. లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ సీట్లో ఒకావిడ కూర్చోగానే మళ్ళీ కాళ్ళు లాగినట్టనిపించింది. బదర్‌పూర్ దాటాక బ్యాగులోంచి ఫారం తీశాను. ఇంటి దగ్గరే ప్రింట్ తీసుకున్నాను. నాలో నేనే వాదించుకున్నాను. కొత్త అమ్మాయి, కొత్తవాళ్ళ తప్పు ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కోత ఇంకా మొదలవ్వలేదు కాబట్టి నష్టమూ లేదు. నేను పక్కన నిలబడి నాలుగు మంచి మాటలు చెప్తాను, ఉద్యోగం ఖాయం చేయించే పూచీ నాది. ఇలా అనుకుని, పెన్ను మూత తీసి, మొదటి గడిలో టిక్ పెట్టేశాను. రైలు ఊపుకి టిక్ తోక కొంచెం పొడుగ్గా పోయింది.

టూల్‌రూమ్‌లో అడుగుపెట్టేసరికి అగరొత్తుల వాసన, మెషిన్ నూనె వాసన కలిసి కొట్టాయి. పూజ అప్పటికే అయిపోయింది. దిమ్మకు ఎర్రదారం చుట్టి ఉంది. ఉస్తాద్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, లడ్డూల పెట్టె పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఆయియే మేడమ్, ఆయియే. బస్ ఆప్ కా హీ ఇంతజార్ థా. బటన్ దబాయియే," అన్నాడు. మీ కోసమే చూస్తున్నాం, బటన్ నొక్కండి అని.

"ఉస్తాద్‌జీ, రుకియే. ఆజ్ కటింగ్ నహీఁ హోగీ," అన్నాను, ఈ రోజు కోత లేదని.

ఆయన చేతిలోని లడ్డూ అలాగే ఆగింది. "టీకా లగ్ గయా, మేడమ్. నారియల్ ఫూట్ గయా. అబ్ రోకేంగే తో అప్‌శగున్ హోగా."

బొట్టు పెట్టాక ఆపితే అశుభమని ఆయన బాధ. చుట్టూ ఉన్న నలుగురు పనివాళ్ళూ నన్ను పెళ్ళి పీటల మీద నుంచి లేచిపోయినదాన్ని చూసినట్టు చూశారు. డిజైన్‌లో తప్పుందని చెప్పాను. ఎవరి తప్పని ఆయన అడగలేదు. కానీ నా నోరు ఊరుకోలేదు. "నయీ లడ్కీ హై, ఉస్ సే హో గయా," అన్నాను. కొత్త పిల్ల, ఆమె వల్ల జరిగిందని. అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట.

ఉస్తాద్ నిట్టూర్చి, మెషిన్ పక్కన బోర్డుకు గుచ్చిన డ్రాయింగు తీయడానికి వెళ్ళాడు. తీసి నా దగ్గరికి తెచ్చాడు. కాగితం కింద మూలన, నా సంతకానికి కాస్త పైన, ఎర్రటి కుంకుమ బొట్టు ఉంది.

"మైనే తో ఇసీలియే టీకా యహాఁ లగాయా థా," అన్నాడు. "ఆప్ కీ భాషా మే కుఛ్ శుభ్ లిఖా థా న."

మీ భాషలో ఏదో శుభం రాసి ఉంది కదా, అందుకే బొట్టు ఇక్కడ పెట్టాను అంటున్నాడు. నేను కాగితం వెలుతురుకి పట్టుకున్నాను. పెన్సిల్‌తో, చిన్న అక్షరాలతో, తెలుగులో రాసి ఉంది.

టెక్స్చర్ వేస్తే డ్రాఫ్ట్ సరిపోదేమో. మేడంను మళ్ళ అడగాలె.

టెక్స్చర్ అంటే గరుకు, డ్రాఫ్ట్ అంటే వాలే. మళ్ళా అడగాలని రాసుకుంది. ఆ రోజు నా బల్ల దగ్గర నిలబడి అడగబోయింది ఇదే. మర్చిపోకుండా కాగితం మీద రాసుకుని తెచ్చింది. నేను ఆ కాగితమే లాక్కుని, ఆ అక్షరాల కింద అంగుళం దూరంలో, చూడకుండా సంతకం పెట్టాను. గృహప్రవేశంలో కుర్చీ కాలి సొట్ట కనిపించిన కళ్ళకు ఇది కనిపించలేదు.

"క్యా లిఖా హై?" అని ఉస్తాద్ అడిగాడు.

నాకు తల తీసి మొలేసినట్టయింది. అయినా చెప్పాను. ఉన్నదున్నట్టు హిందీలో చెప్పాను. ఆయన కళ్ళజోడు కిందికి దించుకుని ఆ అక్షరాల్ని, వాటి కింద నా సంతకాన్ని చూశాడు. పనివాళ్ళలో ఒకడు నవ్వబోతే ఆయన వాడి వైపు చూశాడు, వాడు ఊరుకున్నాడు.

"తో లడ్కీ నే పకడ్ లియా థా," అన్నాడు ఉస్తాద్. పిల్ల ముందే పట్టేసిందన్న మాట అని. ఆ తర్వాత లడ్డూల పెట్టె నా ముందు పెట్టి, "ఖా లీజియే. స్టీల్ బచ్ గయా, యే భీ శగున్ హీ హై," అన్నాడు. స్టీల్ మిగిలింది, అది కూడా శుభమే కదా అని ఆయన దయ. లడ్డూ నోట్లో పెట్టుకున్నాను.

ఆఫీసుకు ఫోన్ చేసి మా మేనేజర్‌కు కోత ఆపామని చెప్పాను. ఆయన రెండు నిమిషాలు తిట్టాడు, నన్ను కాదు, గాలిని. ఆ తర్వాత, "అచ్ఛా, ఠీక్ హై. ఫారం మే డిజైనర్ ఎర్రర్ డాల్ దీజియే, సింపుల్. ప్రొబేషన్ మే హై న వో?" అన్నాడు. డిజైనర్ పొరపాటని రాసెయ్యండి, ఆ పిల్ల ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు కదా అని.

"డిజైనర్ తప్పు కాదు సర్. నాది," అన్నాను.

"వో కాలమ్ తో హై హీ నహీఁ."

"ఆ గడి లేకపోతే గీస్తాను."

బ్యాగులోంచి ఫారం తీసి, తోక పొడుగు టిక్‌ను రెండు గీతలతో కొట్టేశాను. మూడు గడుల కింద నాలుగో గడి చేత్తో గీశాను. స్కేలు లేదు, వంకరగా వచ్చింది. తనిఖీ చేసినవారి పొరపాటు అని ఇంగ్లీషులో రాసి, టిక్ పెట్టి, డిజైనర్ ముందే ప్రశ్న లేవనెత్తారు, నేను వినలేదు అని కింద ఇంకో ముక్క చేర్చాను. ఫోటో తీసి పంపాను. ధైర్యవంతురాలిలా ఏమీ అనిపించలేదు, భయం వేసింది.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది. ఫారం సంగతి అప్పటికే అందరికీ తెలిసింది. కళ్ళనీళ్ళు పెట్టుకుని థాంక్స్ చెప్తుందేమో, నేను పెద్ద మనసుతో పర్లేదమ్మా అనాలేమో అని ఎక్కడో సిద్ధపడి ఉన్నాను. నా బుద్ధి అలాంటిది.

"మేడమ్, నేను మూడుసార్లు అడిగిన," అంది. గొంతు మెల్లగానే ఉంది. "ఒకసారి మీ దగ్గరికొచ్చి అడిగిన. ఒకసారి లిఫ్ట్ దగ్గర అడిగిన. శుక్రవారం మెసేజ్ పెట్టిన. మీరు బొటనవేలు బొమ్మ పంపిన్రు."

ఫోన్ తీసి చూశాను. ఉంది. బొటనవేలు పైకెత్తిన బొమ్మ. చదవకుండానే పంపి ఉంటాను.

"నిన్న రాత్రంతా నాకు నిద్ర లేదు మేడమ్. కోత అయినంక తప్పు బయటపడితే అందరు నన్నే అంటరు. ఉద్యోగం పోతే మా ఇంట్ల ఏం చెప్పాలె? మీరిప్పుడు ఒప్పుకున్నరు, మంచిదే. కని అడిగినప్పుడే వింటే అయిపోతుండె కద."

కోపం రాబోయింది, అలవాటు కొద్దీ. అది వచ్చే దారిలోనే ఆగిపోయింది. కుర్చీ లాగి కూర్చోమన్నాను. కూర్చోలేదు. "గోడలు మూడు డిగ్రీలకు తెస్త మేడమ్, సాయంత్రం వరకు అయితది," అని వెళ్ళిపోయింది.

నా మీద చర్య కూడా తీసుకున్నారు. మూడు నెలల పాటు నా సంతకం ఒక్కటే చాలదు, నా తనిఖీని ఇంకొకరు తనిఖీ చెయ్యాలి. ఎవరు చేస్తారని మేనేజర్ అడిగితే ఆ అమ్మాయి పేరు చెప్పాను. నెలాఖరుకు ఆమె ఉద్యోగం ఖాయమైంది, నా మంచి మాటల అవసరం లేకుండానే. మొదటి వారంలోనే నేను పాస్ చేసిన ఒక సబ్బు పెట్టె డ్రాయింగు వెనక్కి పంపింది. ఒళ్ళు మండింది. చూస్తే ఆమె చెప్పింది నిజమే. గద్ద కన్ను అని ఇప్పుడు నన్నెవరూ అనడం లేదు.

అన్నీ సర్దుకున్నట్టే ఉండాలి కదా. లేదు. గ్యాస్ ఇంకా మూడుసార్లు చూస్తున్నాను. ఉస్తాద్ ఇచ్చిన కాగితం, కుంకుమ బొట్టుతో సహా, నా డ్రాయర్‌లో ఉంది. దాన్ని తీసినప్పుడల్లా నాకు అమ్మాయి కాదు, ఫ్యాను మూత గీసినాయన గుర్తొస్తున్నాడు. ఆయన కూడా ఏ కాగితం మూలనో ఏమైనా రాసుకున్నాడా? నా బల్ల దగ్గర ఒక్క మాట అంటూ నిలబడ్డాడా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గుర్తు రాలేదంటే జరగలేదని కాదని నాకు ఇప్పుడు తెలుసు.

ఒక శనివారం పొద్దున బాల్కనీలో నిలబడి ఆయన నంబరు నొక్కాను. రెండేళ్ళలో అదే మొదటిసారి. మారిపోయి ఉంటే బాగుండనుకున్నాను. మోగింది.

"చెప్పండి మేడమ్," అన్నాడు. నా నంబరు ఆయన దగ్గర ఇంకా ఉంది.

ఎలా ఉన్నారు, ఎక్కడున్నారు అని మొదలుపెట్టబోయి, ఆ నాలుగు మాటలూ చెబితే అయిదోది నోటి వరకు రాదని భయపడి, ముందే చెప్పేశాను. ఫ్యాను మూత పట్టీ నేను చూడాల్సింది, చూడలేదు, మీ పేరు కింద టిక్ పెట్టాను, తప్పు నాదని. ఆ తర్వాత ఆగలేక ఈ నెబ్యులైజర్ కథంతా చెప్పాను, నీళ్ళ సీసా దగ్గర నుంచి నాలుగో గడి దాకా. ఆయన వెనకాల ఎక్కడో కుక్కర్ విజిల్ వేసింది.

"నాకు తెలుసండి," అన్నాడు చివరికి. "ఆ పట్టీ గురించి మీకు రెండు మెయిల్స్ పెట్టానండి."

నేను బాల్కనీ కమ్మీ పట్టుకున్నాను. ఆయన ఇంకేమైనా అంటాడేమో, తిడతాడేమో అని చూశాను. తిడితే బాగుండనిపించింది.

"ఆ అమ్మాయి ఉద్యోగం నిలబడిందాండి?" అని అడిగాడు.

"నిలబడింది," అన్నాను.

"మంచిదండి," అని ఫోన్ పెట్టేశాడు.